దబ్బనం మొన దొరికిన చోటు

దబ్బనం మొన నా కాల్లోనే ఉందన్న కబురు నాకు మొదట తెచ్చింది, వినుకొండ నుంచి వచ్చి మా షెడ్డులో మిరపకాయలకు తొడిమలు తీసే ఒకావిడ. ఆ మొన కోసం అప్పటికి మూడు రోజులుగా ముప్పై మంది ఆడవాళ్ళచేత నేనే వెతికిస్తున్నాను. కాయ జల్లెడ పట్టించాను, కొంగులు దులిపించాను, నోటికొచ్చినట్టు తిట్టాను. వెతికించే మనిషి అరికాల్లోనే ఆ ఇనప ముక్క కూర్చుని ఉందని ఎవరికి తడుతుంది? భగవంతుడి దయవల్ల ఆమెకు తట్టింది. ఆమె గొంతు పెద్దది కావడం వల్ల షెడ్డంతటికీ తెలిసింది.

ఇప్పుడు నేను పని మానేసి ఇంట్లోనే ఉంటున్నాను. షెడ్డులో కొత్తగా చేరిన పిల్లలు కనపడినప్పుడల్లా, "పిన్నీ, ఆ దబ్బనం కథ చెప్పవా" అని అడుగుతారు. ప్రతిసారీ చెప్పే ఓపిక లేక ఇలా రాసిపెడుతున్నాను. నేను బడి మొహం చూసినదాన్ని కాను. మా నాన్న సాయంత్రం రామాలయంలో దీపం పెట్టి వచ్చాక, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పలక మీద దిద్దించిన అక్షరాలే నా చదువంతా. తప్పులుంటే సర్దుకోండి. నలభై దాటినవాళ్ళు మాత్రం కాస్త నిదానంగా చదవండి.

మా పని తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెబుతాను. కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన మిరపకాయను షెడ్డులో టార్పాలిన్ పట్టాల మీద కుప్పగా పోస్తారు. ఆడవాళ్ళం దాని చుట్టూ వరసలుగా కూర్చుని తొడిమలు తీస్తాం, తెల్లబడి పాడైన తాలుకాయ ఏరేస్తాం, మంచికాయ బస్తాలకెత్తుతాం. బస్తా మూతిని పురికొసతో కుట్టే జానెడు పొడవు ఇనప సూదే దబ్బనం. నేను ఇరవై ఏళ్ళు వరసలో కూర్చుని, ఆ తర్వాత మేస్త్రీనయ్యాను. మేస్త్రీ అంటే కాయ రంగు చూడాలి, పని చూడాలి, మనుషుల్ని చూడాలి. తన ఒంటిని తాను చూసుకోవాలని మాత్రం ఆ ఉద్యోగంలో ఎవరూ చెప్పరు.

మా షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. పంట లక్ష్మి కాబట్టి కుప్ప దగ్గరికి ఎవరూ చెప్పులతో రాకూడదు. గుమ్మం బయట విడిచి, కాయకు దణ్ణం పెట్టుకుని, ఒట్టి కాళ్ళతో లోపలికి రావాలి. ఈ విషయంలో నాకంటే గట్టి మనిషి లేదు. ఒకసారి సరుకు చూడ్డానికి బూట్లేసుకుని వచ్చిన కొనుగోలుదారుణ్ణి కూడా గుమ్మంలో ఆపేశాను. పాపం ఆయన మేజోళ్ళతో లోపలికొచ్చి, వెళ్ళేటప్పుడు వాటినిండా గింజలు గుచ్చుకుని, ఒంటికాలి మీద గెంతుతూ కారెక్కాడు.

ఇంకొక నమ్మకం కూడా ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళకు మొదట్లో చేతులు, కాళ్ళు భగభగ మండుతాయి. ఆముదం రాసుకుంటారు, ఇంటికెళ్ళి మజ్జిగలో చేతులు ముంచుకుంటారు. పోనుపోను మంట తగ్గుతుంది. "మంట తెలియకపోతే పని వంటబట్టినట్టే" అనేది మా షెడ్డులో అందరి నోట్లో ఉండే మాట. నాకు యాభై దాటాక కాళ్ళు మండడం పూర్తిగా ఆగిపోయింది. చిన్న చిన్న చీలికల్లోకి కారం పోయినా చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. ఆ వరసలో అంతమందికి లేని వరం నాకిచ్చావు తండ్రీ అని సంజెదీపం దగ్గర దణ్ణం కూడా పెట్టుకున్నాను. నా జీవితంలో దేవుడికి చాలా విషయాలకు కృతజ్ఞతలు చెప్పుకున్నాను, వాటిల్లో పొరపాటున చెప్పుకున్నది అదొక్కటే.

నాకు షుగర్ ఉందని అప్పటికే తెలుసు. ఊళ్ళో పెట్టిన వైద్య శిబిరంలో నాలుగేళ్ళ కిందటే చెప్పారు, బిళ్ళలు ఇచ్చారు. నేను వాటిని నా పద్ధతిలో వాడేదాన్ని. కళ్ళు తిరిగిన రోజు ఒకటి వేసుకునేదాన్ని. బాగున్న రోజు దాచేదాన్ని. శనివారం, ఏకాదశి ఉపవాసం కాబట్టి, తిండే లేనప్పుడు ఒంట్లో చక్కెర ఎక్కడినుంచి వస్తుందని అసలు వేసుకునేదాన్నే కాదు. పని వేళల్లో మంచినీళ్ళు కూడా తాగేదాన్ని కాదు. కారపు చేతులతో బయటికి వెళ్ళి రావడం ఎంత నరకమో మా పని చేసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

"రోజూ వేసుకోమన్నారు కదే," అనేవారు మా ఆయన.

"మీరు బీడీ మానండి, నేను బిళ్ళ వేసుకుంటా."

ఆయన వీధరుగు మీదకి వెళ్ళి బీడీ ముట్టించుకునేవారు. అలా మా ఇద్దరికీ ఒప్పందం కుదిరి, ఇద్దరం హాయిగా చెడిపోయాం.

ఇక ఆ దబ్బనం సంగతి. విదేశాలకు ఒకేసారి వెళ్ళే సరుకు లాటు అది. ఆఖరి బస్తాల మూతులు నేనే కుడుతున్నాను. గోనె దళసరిగా ఉండి దబ్బనం మొరాయించింది. బలంగా తిప్పి లాగేసరికి టక్కుమని విరిగింది. చేతిలో మొండి సూది మిగిలింది, అరంగుళం మొన ఎటు ఎగిరిందో తెలియదు.

గుమాస్తా కుర్చీలోంచి లేచి వచ్చాడు. ముప్పై ఐదేళ్ళవాడు, మంచివాడే కానీ లాటు పేరు చెబితే ప్రాణం పోతుంది.

"పిన్నీ, ఇదేం పని! ఆ మొన బస్తాలో పడిందంటే లాటు లాటంతా తిరిగొస్తుంది. అది దొరికేదాకా ఒక్క బస్తా గుమ్మం దాటదు," అన్నాడు.

"దొరకక ఎక్కడికి పోతుందిరా, నాలుగు గోడల మధ్యేగా ఉంది," అన్నాను ధీమాగా.

నా మాట అక్షరాలా నిజం. నాలుగు గోడల మధ్యే ఉంది, నాతోపాటు తిరుగుతోంది.

ఆ రోజంతా వెతికాం. రెండోరోజు కుట్టిన బస్తాలన్నీ విప్పి తిరగబోశాం. తుమ్ములతో షెడ్డు మారుమోగిపోయింది. గుమాస్తా మైకుసెట్టు అతని దగ్గరికెళ్ళి పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం తెచ్చాడు. దానికి పురికొస కట్టి, పిల్లలు బొమ్మకారు లాగినట్టు కుప్పలో లాగుతూ తిరిగాడు. దానికి రెండు మేకులు, ఒక సీసా మూత, ఎవరిదో తెగిన మెట్టె అంటుకొచ్చాయి. మెట్టె కోసం ఇద్దరు కాసేపు పోట్లాడుకున్నారు. నేను కుప్ప మీద అటూ ఇటూ తిరుగుతూ, "కళ్ళు పెట్టి చూడండే, మాటలు తర్వాత," అని అరుస్తున్నాను. ఆ అయస్కాంతం నా కాలి పక్కనుంచి ఎన్నిసార్లు పోయిందో ఆ పరమాత్ముడికే తెలియాలి.

మూడోరోజు మధ్యాహ్నం అన్నాల వేళ. గోడకు చేరగిలబడి కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. కొంచెం జ్వరంగా ఉంది, ఎండ దెబ్బనుకున్నాను. వినుకొండావిడ నా ఎదురుగా కూర్చుని మజ్జిగన్నం కలుపుకుంటోంది. చెయ్యి ఆగింది.

"అక్కా, నీ కాలి కింద ఆ తడేంటే?"

"నీళ్ళేమో."

"నువ్వు నీళ్ళు తాగే మనిషివా? ఏదీ, కాలు ఇటు పెట్టు."

"అన్నం తింటూ కాలు చూడ్డమేంటే, ఛీ," అని ముడుచుకోబోయాను. ఆమె గిన్నె పక్కన పెట్టి నా మడమ పట్టుకుని పైకెత్తింది. బొటనవేలి మొదట్లో అరికాలి మీద నల్లటి చుక్క, చుట్టూ పాలిపోయిన చర్మం, చీము. దానికి మిరప గింజలు అంటుకుని ఉన్నాయట. నాకేం కనపడలేదు, ఆమె మొహమే కనపడింది.

"అక్కా, పుండులో మిరప గింజలున్నాయి. మండట్లేదా నీకు?"

"నాకు మండదే, నీకు తెలుసుగా," అన్నాను. సిగ్గులేకుండా కాస్త గర్వంగానే అన్నాను.

"మండకపోతే మంచిదనుకుంటున్నావా నువ్వు! మా గేదె కాలికి ముల్లు గుచ్చుకుంటేనే అడుగు పడనిచ్చేది కాదు, కాలెత్తి విదిలించేది. గేదెకున్నపాటి స్పర్శ కూడా లేదంటే నీ కాలు బతికుందా అసలు?" షెడ్డు అదిరేలా అరిచింది. ఆ తర్వాత వేలితో మెల్లగా తడిమి చూసి, ఈసారి గొంతు తగ్గించింది. "అక్కా... ఏదో గట్టిగా తగులుతోంది. దబ్బనం మొన నీ కాల్లోనే ఉంది."

ముప్పై మందీ అన్నాలు వదిలేసి చుట్టూ చేరారు. గుమాస్తా పరిగెత్తుకొచ్చి, "హమ్మయ్య, దొరికిందా!" అన్నాడు. వెంటనే నా మొహం చూసి నాలిక కరుచుకున్నాడు. ఆ తర్వాత ఆటో పిలిచిందీ, నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళిందీ, ఎక్స్‌రే గది ముందు మా ఆయన వచ్చేదాకా నిలబడిందీ అతనే. లాటు గురించి ఆ రోజు మళ్ళీ మాట్లాడలేదు. అతనికి అది ఎంత కష్టమో నాకు తెలుసు.

ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల. మా వరసలో కూర్చోబెడితే కొత్తగా వచ్చిందనుకుంటారు. మొన తీసేసి, షుగర్ చూసి, పెదవి విరిచింది. తర్వాత నన్ను కళ్ళు మూసుకోమంది. పుల్లకు గుచ్చిన సన్నటి నైలాను పోగు ఒకటి తీసింది.

"అమ్మా, దీంతో మీ అరికాళ్ళు ముట్టుకుంటాను. తగిలిన చోటల్లా 'ఆఁ' అనండి."

కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఎంతసేపటికీ ఆమె మొదలుపెట్టడం లేదు. లోపల విష్ణు నామాలు చదువుకుంటున్నాను, అవి కూడా ఒక విడత అయిపోయాయి.

"ఎప్పుడు మొదలుపెడతారమ్మా?" అని అడిగాను.

"అయిపోయిందండి. రెండు కాళ్ళకీ కలిపి ఇరవై చోట్ల ముట్టుకున్నాను," అంది.

కళ్ళు తెరిచేసరికి మా ఆయన గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నారు.

నా వరమేమిటో అప్పుడు తెలిసింది. ఏళ్ళ తరబడి అదుపులేని షుగర్ కాళ్ళ నరాలను తినేసింది. మంట తెలియకపోవడం పనితనం కాదు, జబ్బు. మొన దిగబడినప్పుడు ఒంట్లో కబురు మోసే తీగలు తెగిపోయి ఉన్నాయి. ఆ కాలితోనే మూడు రోజులు కారంలో తిరిగాను.

"చీము బొటనవేలు, పక్కవేలు మొదట్లోకి పోయింది. ఎముకకు పట్టిందంటే ఆ రెండు వేళ్ళూ తీసేయాలి. తీయకుండా వదిలేస్తే పాదం మీదకు వస్తుంది. వారం రోజులు మందులిచ్చి, కట్టు కట్టి చూద్దాం. కాలు నేల మీద ఆనించకూడదు," అంది డాక్టరమ్మ.

బొటనవేలు లేకపోతే ఏమవుతుందిలే అని మీకు అనిపించవచ్చు. తొడిమలు తీసే ఆడవాళ్ళం బాసింపట్టు వేసుకుని కూర్చుని, లేచేటప్పుడు బొటనవేళ్ళ మీద బరువాన్చి లేస్తాం. మేస్త్రీ రోజుకు ఎన్నిసార్లు కూర్చుని లేస్తుందో లెక్కలేదు. అడుగు వంకర పడితే రెండోకాలు పాడవుతుంది, అది కూడా మొద్దుబారిన కాలే. ఆ వేళ్ళతోపాటు నా పని, నా తిరుగుడు, ఒకరి మీద ఆధారపడకుండా బతకడం, అన్నీ పోతాయి. మంచం మీద పడుకుని, పది వేళ్ళూ ఆడించి చూసుకుంటూ ఆ వారం గడిపాను.

రోజూ కట్టు మార్చే సిస్టరమ్మ నాకంటే పదేళ్ళు చిన్నది. పుల్లవిరుపుగా మాట్లాడుతుంది, చెయ్యి మాత్రం వెన్న. పుండు ఆమె కడుగుతుంటే నాకేం తెలిసేది కాదు. మొదటిరోజే అడిగాను:

"సిస్టరమ్మా, అది ఏ రంగులో ఉంది?"

"ఎందుకు పెద్దమ్మా?"

"రంగు చూసి సరుకు చెప్పడం నా వృత్తి."

ఆమె నవ్వి, సంచిలోంచి చేతి అద్దం తీసి నా అరికాలి కింద పట్టింది. యాభై ఆరేళ్ళ వయసులో నా అరికాలు నేను సరిగ్గా చూసుకోవడం అదే మొదలు. ఎన్నో దేవుళ్ళ పాదాలకు పసుపు రాశాను, అత్తగారి పాదాలు పట్టాను. నావి ఎలా ఉంటాయో నాకు తెలియదు. అద్దంలో పుండు కనపడింది. అంచులు నల్లగా, మధ్యలో పాలిపోయి ఉంది.

"తాలు," అన్నాను.

"ఇంకా ఆరు రోజులుంది పెద్దమ్మా. అప్పుడే గ్రేడు వెయ్యకు," అంది.

రోజూ చూశాం. రెండో రోజూ తాలే. మూడో రోజు మధ్యలో ఒక్క చుక్క ఎరుపు. ఇంజెక్షన్లు పడుతున్నాయి, వేళకు తిండి, వేళకు నీళ్ళు. నా పద్ధతి కాకుండా వాళ్ళ పద్ధతి నడుస్తోంది. ఆ సాయంత్రం సిస్టరమ్మతో గుట్టుగా చెప్పాను. "నా వేళ్ళు నిలబడితే చెప్పుల్లేకుండా కోటప్పకొండ మెట్లెక్కుతానని మొక్కుకున్నా."

ఆమె చేతిలో దూది పక్కన పడేసింది.

"బాగుందమ్మా! ఆ స్వామి కష్టపడి బాగుచేసిన కాలుని మళ్ళీ ఆయన మెట్ల మీదకే తీసుకెళ్ళి రాళ్ళకేసి గీకుతావా? రేపు ఆయనే అడుగుతాడు, ఏమే, నీకిచ్చిందేంటి, నువ్వు తెచ్చిందేంటి అని."

"మొక్కు తప్పొచ్చా మరి?"

"తప్పమన్నానా? మార్చుకో. కష్టమైన మొక్కు మొక్కు. రోజూ పొద్దున దీపం పెట్టకముందు రెండు అరికాళ్ళూ అద్దంలో చూసుకుంటానని మొక్కు. ఒక్కరోజు కొండెక్కడం ఎవరైనా చేస్తారు. బతికున్నన్నాళ్ళు పొద్దున్నే కాలు చూసుకో, చూద్దాం నీ భక్తి."

మొక్కు మార్చుకున్నాను. ఇప్పటిదాకా ఒక్కరోజు తప్పలేదు. నిజంగానే కొండెక్కడం సులువు.

ఆరోరోజు మళ్ళీ అద్దంలో చూశాను. నల్లటి అంచు పోయింది. లోపలంతా ఎర్రగా, తడిగా, మొదటి కోత పండుకాయలా ఉంది. సిస్టరమ్మ నా మొహం చూస్తోంది.

"ఏం మేస్త్రీ, గ్రేడు చెప్పవా?"

"మొదటి రకం," అన్నాను. అద్దం ఇంకాసేపు అలాగే పట్టుకోమన్నాను.

మర్నాడు డాక్టరమ్మ ఎక్స్‌రే మళ్ళీ చూసి, పుండు చూసి, "ఎముకకు పట్టలేదు. వేళ్ళు ఉంచేద్దాం అమ్మా," అంది. ఎంత మామూలుగా అందంటే, వంటింట్లో గిన్నె ఇక్కడే ఉంచేద్దాం అన్నట్టుంది. మా ఆయన నవ్వబోయి ఏడ్చేశారు. బయటికి వెళ్ళి వచ్చి మంచం పక్కన కూర్చున్నారు.

"ఏమే, ఇక ఆ ఒప్పందం రద్దు. నువ్వు బిళ్ళ వేసుకో, నేను మానేస్తున్నా."

"నిజంగానా?"

"కట్ట ఇప్పుడే పారేసొచ్చా."

ఆ నెలలో రెండుసార్లు దొరికిపోయారు. ఆ తర్వాత మానేశారు. మనిషిని ఒక్కసారికే నమ్మకూడదు, రెండు తప్పులకే వదిలేయనూ కూడదు.

రెండున్నర నెలలు ఇంట్లో ఉన్నాను. తిరిగి పనిలోకి వెళ్ళిన రోజు నాకు గుమ్మం దగ్గర పెద్ద చిక్కొచ్చింది. ఇక జన్మలో ఒట్టి కాళ్ళతో నడవకూడదని చెప్పి ఆసుపత్రిలో మెత్తటి చెప్పులిచ్చారు. అవి వేసుకుని వచ్చాను. ఎంతోమంది చేత చెప్పులు విప్పించిన గుమ్మం అది. అడుగు పడలేదు. లోపల కాయ కుప్ప, అంటే లక్ష్మి. బయట నేను, చెప్పులతో. వరసలన్నీ పని ఆపి చూస్తున్నాయి. మెల్లగా వంగి చెప్పు మీద చెయ్యి వేశాను.

"విప్పావంటే ఊరుకోనక్కా!" వినుకొండావిడ లేచి వచ్చింది.

"కుప్ప మీదకెలా రానే వీటితో?"

"అవి వీధిలో తిరిగిన చెప్పులు కాబట్టి తప్పు. ఇంకో జత తెచ్చి ఇక్కడే ఉంచు, గుమ్మం దాటించకు. పూజారిగారు బజారుకెళ్ళిన పంచెతోనే గర్భగుళ్ళోకి వెళతారా? మడి పంచె కట్టుకోరూ? అలాగే ఇవి మడి చెప్పులు."

షెడ్డంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆలోచిస్తే, అందులో ఎక్కడా తప్పు కనపడలేదు. గుమాస్తా ఆ మాట యజమానికి చేరవేశాడు. దబ్బనం మొన బస్తాలో పడినా కాల్లో దిగినా నష్టం షెడ్డుకేనని ఎలా చెప్పాడో ఏమో, వారం తిరిగేసరికి అందరికీ గుడ్డ బూట్లు వచ్చాయి. కాయకు దణ్ణం పెట్టుకుని మడి చెప్పులు తొడుక్కోవడం అప్పటినుంచి మా షెడ్డు ఆచారం. చేతులు కడుక్కోవడానికి సబ్బు, కుళాయి కూడా వచ్చాక ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మొదలుపెట్టారు.

నా తిండి మారింది. ఇదివరకు అన్నంలో కూర కలుపుకునేదాన్ని, ఇప్పుడు కూరలో అన్నం కలుపుకుంటున్నాను. ఉపవాసం రోజు బిళ్ళ సంగతి ఏం చెయ్యాలో డాక్టరమ్మనే అడిగి, ఆమె చెప్పినట్టు చేస్తున్నాను. పుండు పూర్తిగా మానాక, ఆమె సరేనన్న తర్వాత, పొద్దునపూట మా ఆయనతో కాలవ గట్టు మీద నడక పెట్టుకున్నాను. ఆయన ముందు, నేను వెనక. మొదట్లో మైలురాయి దాకా వెళ్ళి ఆయాసపడేవాళ్ళం. ఇప్పుడు లాకుల దాకా వెళ్ళి, అక్కడ కాసేపు కూర్చుని, పక్క పొలాల్లో పత్తికి పురుగు పట్టిందా లేదా అని పోట్లాడుకుని వస్తాం. కళ్ళ పరీక్ష, రక్త పరీక్ష చెప్పిన వేళకు చేయించుకుంటున్నాను. వీటిల్లో ఏదీ గొప్ప విద్య కాదు. బస్తా మూతి కుట్టినట్టే, ఒక్క కుట్టు వదిలేస్తే అక్కడినుంచే కారుతుంది.

ఇంకొకటి మొదలుపెట్టాం. శనివారం పని దిగేముందు వరసలో ఒకరి అరికాళ్ళు ఒకరు చూడాలి. మొదట ఎవరూ ఒప్పుకోలేదు. పెద్దవాళ్ళు కాళ్ళు చూపించడానికి సిగ్గుపడ్డారు, చిన్నవాళ్ళు పట్టుకోవడానికి మొహమాటపడ్డారు. "పట్టుకుంటే పుణ్యం, పట్టించుకుంటే ఆరోగ్యం, ఇందులో నష్టమెవరికే?" అని వినుకొండావిడే అందరినీ కూర్చోబెట్టింది. ఆ మొదటి శనివారం, అందరికంటే పెద్దావిడ నా కాలు ఒళ్ళో పెట్టుకుని, మానిన మచ్చ మీద వేలితో రాస్తూ ఉన్నట్టుండి ఏడవడం మొదలుపెట్టింది.

"దానికీ ఇలాగేనే. ఇక్కడే. సరిగ్గా ఇక్కడే పుండు."

ఆ పాతకాలంవాళ్ళలో షెడ్డులో మిగిలింది మేమిద్దరమే కాబట్టి, ఎవరి సంగతి చెబుతోందో నాకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు. నాకు ముందు ఆ షెడ్డుకు మేస్త్రీగా చేసిన ఆమె గురించి. నాకు కాయ రంగు నేర్పిందీ, దబ్బనం పట్టడం నేర్పిందీ ఆమె. నిప్పుల్లాంటి కాయలో ఒట్టి కాళ్ళతో నిలబడి, "చూడండే, నాకేమైనా మండుతోందా" అని నవ్వేది. మంట తెలియకపోతే పని వంటబట్టినట్టేనన్న మాట మాకు వచ్చింది ఆమె దగ్గర్నుంచే. ఒకరోజు కాలికి గుడ్డ చుట్టుకుని ఇంటికి వెళ్ళింది, తిరిగి రాలేదు. మేం పదిమందిమి చూడ్డానికి వెళ్ళాం. ఉత్త చేతులతో ఎలా వెళతామని లడ్లు పట్టుకెళ్ళాం. మమ్మల్ని చిన్నబుచ్చడం ఇష్టం లేక రెండు తింది. "ఏమే, ఇంత పుండైనా కాస్త కూడా నొప్పి లేదే. దేవుడు నా మీద దయ చూపించాడు," అంది నాతో.

"అవునమ్మా, ఆయన దయ," అన్నాను.

ఆ తర్వాత మోకాలి దాకా తీసేశారని విన్నాం. ఆ ఏడు దాటలేదు. దిష్టి తగిలిందని అందరం అనుకున్నాం. ఆ సంగతి మరిచిపోయి, ఆమె కుర్చీలో కూర్చుని, ఆమె మాటే కొత్తవాళ్ళకు చెబుతూ పదేళ్ళకు పైగా గడిపాను.

ఆమె తెలియక చెప్పింది, నేను తెలియక తలూపాను. ఆమె పుండు దగ్గర అద్దం పట్టినవాళ్ళు లేరు, నీ కాలు బతికుందా అని అరిచినవాళ్ళు లేరు. నాకు ఇద్దరూ దొరికారు, పది వేళ్ళూ మిగిలాయి, పని మానే రోజున నా కాళ్ళతో నేనే నడిచి ఇంటికొచ్చాను. ఇంతకంటే దయ ఏముంటుంది?

మీకు షుగర్ ఉన్నా లేకపోయినా, వయసు మీద పడుతున్నవాళ్ళు రేపు పొద్దున కాసేపు కూర్చుని మీ అరికాలు తిప్పి చూసుకోండి. అప్పుడు ఆమెను ఒక్కసారి తలుచుకోండి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు, కారంలో ఒట్టి కాళ్ళతో నిలబడి నవ్విన మా పెద్ద మేస్త్రీ అనుకోండి, చాలు.